మెనూలో రేటు, బిల్లులో బరువు

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో భోజనానికి కూర్చుని మెనూ తెరిస్తే ఒక వింత ఎదురవుతుంది. పాస్తా 13 యూరోలు, కోడిమాంసం 16 యూరోలు అని రాసి ఉన్న పుటలోనే, ఆ ఊరి పేరు మోస్తున్న 'బిస్తెక్కా అల్లా ఫియోరెంతీనా' పక్కన 6 అని ఉంటుంది. ఆ ప్రాంతానికే గర్వకారణమైన గొడ్డుమాంసపు స్టేక్ పాస్తాలో సగం ధరకు దొరుకుతుందా? అంకె పక్కన చిన్న అక్షరాల్లో 'అల్లెత్తో' అని మరో మాట ఉంటుంది. ఎత్తో అంటే 100 గ్రాములు. వంటగదిలోంచి వచ్చే ముక్క 1,200 గ్రాములు తూగితే బిల్లులో పడేది 72 యూరోలు. ఇవి లెక్క తేలడం కోసం తీసుకున్న అంకెలు. వీధినిబట్టి, ఏడాదినిబట్టి రేటు మారుతుంది గానీ పద్ధతి ఇదే.

నగల దుకాణంలో బోర్డు మీద గ్రాము ధర చూసి హారం అంతకే వస్తుందని మనలో ఎవరూ అనుకోరు. గ్రాము ధర, తూకం, తరుగు, మజూరీ, ఆపైన పన్ను అంటూ ఆ లెక్కంతా నోటిమీదే ఉంటుంది. అదే మనిషి భోజనపు బల్ల దగ్గర కూర్చుంటే, కనబడిన అంకెను పళ్లెం ధరగా చదువుకుంటాడు. మన హోటళ్ల అలవాటు అలాంటిది. బిర్యానీ సింగిలా, ఫుల్లా, ఫ్యామిలీ ప్యాకా అని అడుగుతారు తప్ప, ఎన్ని గ్రాములని అడిగినవారూ లేరు, చెప్పినవారూ లేరు. మాంసాన్ని కిలోల్లో కొనడం దుకాణం దగ్గరి వ్యవహారం, ప్లేటు లెక్కన తినడం హోటల్ వ్యవహారం. ఫ్లోరెన్స్ స్టేక్ ఈ రెంటినీ కలిపేస్తుంది. బల్ల ముందు కూర్చున్నవాడు భోజనం చేయబోతూనే మాంసం దుకాణంలో కొనుగోలుదారుడు కూడా అవుతాడు. తేడా ఏమిటంటే, దుకాణంలో కాటా అతని కళ్ల ముందు ఉంటుంది, ఇక్కడ చాలాసార్లు ఉండదు.

ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అక్కడే ఉంది. రేటు మెనూలో ఉంది, సరే. బరువును ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పుడు నిర్ణయిస్తారు, ఆ సంగతి తినేవారికి ఎప్పుడు తెలుస్తుంది? స్టేక్ ధర గురించి వచ్చే గొడవలన్నీ చివరికి ఈ మూడింటిలో ఏదో ఒకదాని దగ్గరికే చేరతాయి.

ముందుగా ఆ భోజనశాలల పక్షాన ఒక మాట చెప్పాలి. తూకం లెక్కన అమ్మడం పర్యాటకుల కోసం పన్నిన వల కాదు. ఆ ముక్క స్వభావమే అలాంటిది. పశువు నడుము భాగాన్ని అక్కడ లొంబాతా అంటారు. వెన్నెముక వెంబడి ఆ భాగాన్ని అడ్డంగా కోస్తే మధ్యలో 'టి' ఆకారపు ఎముక, దానికి ఒక పక్క మెత్తటి ఫిల్లెట్, మరో పక్క కాస్త గట్టి మాంసం వస్తాయి. ముక్క మందం మూడు నాలుగు వేళ్లు, అంటే దాదాపు 5 సెంటీమీటర్లు ఉండాలన్నది సంప్రదాయం. అంత మందం ఉంటేనే నిప్పుల మీద పైభాగం కాలి లోపలిభాగం ఎర్రగా మిగులుతుంది. మందం అలా ముందే ఖాయమైపోయింది. వెడల్పు పశువును బట్టి ఉంటుంది. ఫ్లోరెన్స్ ఉన్న తోస్కానా ప్రాంతపు కియానీనా జాతి ప్రపంచంలోని అతి పెద్ద పశుజాతుల్లో ఒకటి, వెయ్యి కిలోలు దాటే ఎద్దులు అందులో మామూలే. అలాంటి పశువు నడుములోంచి సంప్రదాయపు మందంలో ఒక ముక్క కోస్తే అది కిలోకు తగ్గడం కష్టం. ఒకటి 1,050 గ్రాములు తూగుతుంది, పక్కది 1,400 తూగుతుంది. ఈ రెంటికీ ఒకే ధర పెడితే చిన్న ముక్క వచ్చినవారికి అన్యాయం, పెద్ద ముక్క ఇచ్చిన యజమానికి నష్టం. కాబట్టి తూకమే న్యాయమైన మార్గం.

ఈ ముక్కకు ఎముక ఎంత ప్రాణమో ఫ్లోరెన్స్ జనం 2001లో చూపించారు. పిచ్చి ఆవు వ్యాధి భయంతో యూరోపియన్ యూనియన్ వెన్నెముకతో కూడిన గొడ్డుమాంసం అమ్మకాన్ని ఆపేసింది. ఆ నిషేధం అమలులోకి రాబోయే ముందు కియాంతి కొండల్లోని పాంజానో గ్రామంలో కసాయి దారియో చెక్కీనీ స్టేక్‌కు ఏకంగా అంత్యక్రియలే జరిపించాడు. నిషేధం తొలగి ఎముకతో ఉన్న ఫియోరెంతీనా మళ్లీ బల్ల మీదికి వచ్చేసరికి 2006 జనవరి అయింది. మధ్య కాలంలో ఎముక తీసిన మాంసం దొరికింది గానీ దాన్ని ఫియోరెంతీనాగా ఒప్పుకోవడానికి అక్కడివారికి మనసు రాలేదు. ఎముక లేనిదే ఆ వంటకం లేదు గనుక ఎముకకూ డబ్బు కట్టవలసిందే అన్నది ఆ పేరులోనే ఇమిడి ఉన్న షరతు.

మరి కట్టిన డబ్బుకు నోట్లోకి వెళ్లేది ఎంత? మెనూలో చెప్పే బరువు దాదాపు ప్రతి దేశంలోనూ పచ్చి మాంసం బరువే. 1,200 గ్రాముల ముక్కలో ఆరో వంతు ఎముక అనుకుందాం, 200 గ్రాములు పోయాయి. అంచున ఉండే కొవ్వు, నరాలు కలిపి పళ్లెంలో వదిలేసేది మరో 100 గ్రాములు. మిగిలిన 900 గ్రాములు నిప్పు మీద నీరు, కొవ్వు కోల్పోతాయి. పచ్చి గొడ్డుమాంసంలో 70 శాతానికి పైగా నీరే. లోపల ఎర్రగా ఉండేలా కాల్చితే తరుగు తక్కువ, బాగా ఉడికేదాకా ఉంచితే ఎక్కువ. నూటికి 15 తరుగు వేసుకున్నా చివరికి తినేది 765 గ్రాములు. 72 యూరోలను దానితో భాగిస్తే 100 గ్రాములకు 9 యూరోల 40 సెంట్లు వస్తుంది. మెనూలోని 6 యూరోలు పళ్లెంలోకి వచ్చేసరికి ఒకటిన్నర రెట్లయ్యాయి. ఇందులో మోసమేమీ లేదు. ఎముకతో కిలో వేటమాంసం కొని కూర వండిన ప్రతి ఇంట్లోనూ ఇదే లెక్క నడుస్తుంది, కాకపోతే అక్కడ ఎవరూ కాగితం మీద వేయరు.

ఈ లెక్కను ఇంకాస్త ముందుకు తీసుకువెళితే, చాలామంది అనుకునేదానికి ఎదురైన సంగతి తేలుతుంది. అదే మెనూలో తల్యాతా అనే మరో వంటకం ఉంటుంది. ఎముక లేని మాంసాన్ని కాల్చి, పలుచగా కోసి, స్థిరమైన ధరకు ఇస్తారు. 22 యూరోలకు 250 గ్రాముల పచ్చి మాంసం అనుకుంటే, అదే 15 శాతం తరుగు పోను తినేది 212 గ్రాములు. అంటే 100 గ్రాములకు 10 యూరోల పైనే. చూడగానే గుండె ఝల్లుమనిపించే పెద్ద ముక్క, ఈ లెక్కన, భయపెట్టని చిన్న పళ్లెం కన్నా గ్రాము గ్రాముకూ కాస్త చౌక. తూకం లెక్కన అమ్మే స్టేక్‌లో ఖరీదు రేటులో లేదు, పరిమాణంలో ఉంది. ముగ్గురు పంచుకుంటే తలకు 24 యూరోలకు 255 గ్రాములు. ఇద్దరైతే తలకు 36 యూరోలు, పళ్లెంలో 380 గ్రాములు, ఇది మంచి ఆకలి మీదున్నవారికే సాధ్యం. ఒంటరిగా వెళ్లినవారికి ఈ వంటకం సరిపడదు. అందుకే చాలాచోట్ల 'కనీసం ఇద్దరికి' అనో, 'కనీసం 800 గ్రాములు' అనో మెనూలోనే రాసి ఉంటుంది. దానర్థం ఇద్దరికీ కలిపి ఒకటే ముక్క వస్తుందని. తలా ఒకటి ఆర్డర్ చేస్తే దాదాపు రెండున్నర కిలోల మాంసం, 150 యూరోలకు చేరువైన బిల్లు ఎదురుగా కూర్చుంటాయి.

ఇక 100 గ్రాముల కొలత సంగతి. కిలోకు 60 యూరోలు అని రాస్తే ఎవరూ పొరబడరు, 100 గ్రాములకు 6 అని రాస్తేనే పొరబడతారు. అంతమాత్రాన అది కావాలని వేసిన ఎత్తు అనలేం. ఇటలీలో ఇంటికి సరుకులు కొనేవారు కూడా ఎండబెట్టిన పంది తొడ మాంసాన్నీ, చీజ్‌నూ ఎత్తోల లెక్కనే అడుగుతారు. రెండు ఎత్తోలు ఇవ్వండి అనడం అక్కడి దుకాణాల్లో పొద్దున లేస్తే వినబడే మాట. ఊరివారికి ఆ కొలత చూడగానే వెలిగే దీపం లాంటిది, బయటివారికి కనబడని చిన్న అక్షరం. పర్యాటకులతో నిండిపోయే కూడళ్లలో, ఇంగ్లీషులోకి మార్చిన మెనూల్లో సైతం ఆ కొలతను మరీ చిన్న అక్షరాల్లో ముద్రించేవారిని చూసినప్పుడు మాత్రం అది అలవాటో, అవకాశమో అన్న అనుమానం న్యాయంగానే వస్తుంది. ఇదే స్పెయిన్‌లో ఎముకతో ఉండే చులెతోన్ అనే స్టేక్‌ను ఎక్కువగా కిలో ధరతోనే రాస్తారు. అంకె పెద్దది గనుక చదివినవారు అక్కడే ఆగి ఆలోచిస్తారు. మొదటి చూపులో స్పెయిన్ మెనూ భయపెడుతుంది, ఇటలీ మెనూ ఊరిస్తుంది. రెండూ చెప్పేది ఒకే ధర కావచ్చు.

కొలత తెలియక చిక్కుకోవడం యూరప్‌కే పరిమితం కాదు. 2023 ఆగస్టులో సింగపూర్‌లో భోజనానికి వెళ్లిన జపాన్ పర్యాటకులు అలాస్కా పీతను ఆర్డర్ చేశారు. 100 గ్రాములకు 26.80 సింగపూర్ డాలర్లు. పీత మూడున్నర కిలోలు తూగింది. ఆ ఒక్క వంటకానికే 938 డాలర్లు, మొత్తం బిల్లు 1,300 దాటింది. సుమారు 30 డాలర్లకు ఒక వంటకం వస్తుందని అనుకున్నామని వారు, తూకం లెక్క ముందే చెప్పామని, వండకముందు పీతను తెచ్చి చూపించామని యాజమాన్యం వాదించుకున్నారు. వ్యవహారం పోలీసులను పిలిచేదాకా వెళ్లింది. చివరికి కొంత రాయితీ ఇచ్చారు గానీ అది 100 డాలర్ల చిల్లర మాత్రమే. ఇక్కడ రేటు రాసే ఉంది, వస్తువును చూపించారు కూడా. జరగనిది ఒక్కటే. రేటును బరువుతో గుణిస్తే వచ్చే మొత్తం ముందుగా ఎవరి నోటా వచ్చినట్టు లేదు. పీత కళ్ల ముందు కనిపించినంత మాత్రాన అది మూడున్నర కిలోలని, దాని వెల తొమ్మిది వందల పైచిలుకని ఏ పర్యాటకుడు పోల్చుకోగలడు?

2018 జనవరిలో వెనిస్‌లో నలుగురు జపాన్ విద్యార్థులకు పడిన బిల్లు ఇంకా పెద్ద దుమారం లేపింది. నాలుగు స్టేక్‌లు, ఒక పళ్లెం వేయించిన చేపలు, నీళ్లకు కలిపి 1,100 యూరోలకు పైగా వసూలు చేశారు. నగర మేయర్ స్వయంగా స్పందించి, ఫిర్యాదు నిజమైతే చర్య తప్పదని ప్రకటించవలసి వచ్చింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ 'మెనూ సరిగ్గా చదువుకోవాల్సింది' అని పర్యాటకులకు సుద్దులు చెప్పేవారు బయలుదేరుతారు. ఆ మాట సగమే నిజం. రేటు చదువుకోవడం కస్టమర్ బాధ్యత, ఒప్పుకోవచ్చు. బరువు మాత్రం మెనూలో ఎక్కడా ఉండదు, చదువుకోవడానికి. అది వంటగదిలో ఉన్నవారికే తెలుసు. తెలిసినవాడు చెప్పకపోవడం, తెలియనివాడు అడగకపోవడం ఒకే తూకంలో వేయదగ్గ తప్పులు కావు.

మంచి భోజనశాలలు ఈ సమస్యను ఎప్పుడో పరిష్కరించాయి. ఫ్లోరెన్స్‌లో పేరున్న చోట్ల వెయిటర్ పచ్చి ముక్కను పళ్లెంలోనో చెక్క పలక మీదో తెచ్చి చూపిస్తాడు, బరువు చెబుతాడు, సరేనన్న తరువాతే అది నిప్పుల మీదికి వెళుతుంది. ఇది అలంకారం కోసం చేసే తంతులా కనబడుతుంది గానీ నిజానికి బేరం కుదిరే క్షణం అదే. ఆ క్షణంలో 'పెద్దదిగా ఉంది, చిన్నది చూపించండి' అనడానికి మొహమాటపడవలసిన పనిలేదు, అక్కడివారూ అంటారు. 'క్వాంతో పేజా?' అంటే ఎంత తూగుతుంది, 'క్వాంతో వియెనే?' అంటే ఎంతవుతుంది. ఈ రెండో ప్రశ్న మరీ విలువైనది. గుణకారం అవతలివారి చేతే చేయించి మొత్తాన్ని వారి నోటే చెప్పిస్తుంది. ముక్కను చూపించకుండా, బరువు చెప్పకుండా నేరుగా కాల్చి తెచ్చే చోట, ఆర్డర్ ఇచ్చేటప్పుడే 'కిలోకు మించకుండా' అని హద్దు చెప్పడం ఒక ఉపాయం. కచ్చితంగా కిలోనే వస్తుందని ఆశించకూడదు. కత్తి ఎక్కడ దిగితే అక్కడ తెగే ముక్క అది, యాభై నూరు గ్రాముల తేడా సహజం. మూడు వందలు పెరిగితే అది సహజం కాదు.

జపాన్‌లో ఈ పెత్తనం పూర్తిగా కస్టమర్ చేతికి వచ్చిన నమూనా ఒకటి ఉంది. 2013లో టోక్యోలోని గింజాలో మొదలైన ఇకినారి స్టేక్ దుకాణాల్లో, తినేవారు కౌంటర్ దగ్గరికి వెళ్లి ఎన్ని గ్రాములు కావాలో చెబితే, అక్కడే కోసి, అక్కడే కాటా మీద పెట్టి చూపించి, ఆపైన కాల్చి ఇచ్చేవారు. మొదట్లో కూర్చోవడానికి కుర్చీలు కూడా లేవు, నిలబడి తినాల్సిందే. ఎముక లేని మాంసం కనుక ఇది సాధ్యమైంది. జపాన్‌లోనే మరో కొసన కోబె మాంసం ఉంది. తజిమా జాతి పశువుల నుంచి, కొవ్వు చారల నాణ్యతలో నిర్దిష్ట స్థాయి దాటితేనే ఆ పేరు ఇస్తారు. ప్రతి పశువుకూ పది అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది, చాలా భోజనశాలలు దాన్ని కస్టమర్‌కు చూపిస్తాయి. అక్కడి 100 గ్రాముల ధరను ఫ్లోరెన్స్ ధర పక్కన పెట్టి పోల్చితే తల తిరుగుతుంది, కానీ ఆ పోలికే సరైనది కాదు. కొవ్వు అంతగా నిండిన మాంసాన్ని 120, 150 గ్రాములకు మించి తినడం కష్టం. తోస్కానాలో తలకు 350 గ్రాముల మాంసం తినేవారు కోబెలో దానిలో సగం కూడా తినరు. 100 గ్రాముల రేటు ఒక్కటే చూసి ఏ ఊరు చౌక, ఏ ఊరు ఖరీదు అని తేల్చేవారు, ఆ ఊళ్లో ఒక మనిషి కడుపు ఎన్ని గ్రాములకు నిండుతుందో లెక్కలోకి తీసుకోవడం లేదు.

అమెరికాలో లెక్క మరో రకం. అక్కడ బరువునూ ధరనూ రెంటినీ ముందే ఖాయం చేసి మెనూలో రాస్తారు. 12 ఔన్సులు, 16 ఔన్సులు అంటూ. ఔన్సు అంటే 28 గ్రాముల పైచిలుకు, కాబట్టి 12 ఔన్సుల స్టేక్ సుమారు 340 గ్రాములు, 16 ఔన్సులదైతే సుమారు 454. ఇదీ పచ్చి బరువే. వండకముందు బరువు అని మెనూ అడుగున రాసి ఉంటుంది. డల్లాస్, హ్యూస్టన్‌లలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లకు వెళ్లే తల్లిదండ్రులకు ఈ పద్ధతిలో బిల్లు చూసి ఉలిక్కిపడే ప్రమాదం తక్కువ. ముక్క పరిమాణం చూసి ఉలిక్కిపడే అవకాశమే ఎక్కువ. అదే టెక్సస్‌లోని అమరిల్లోలో ఒక భోజనశాల 72 ఔన్సుల స్టేక్‌ను, అంటే రెండు కిలోల పైన ఉన్న ముక్కను, దానితో వచ్చే పక్క వంటకాలతో సహా గంటలో తినేస్తే ఉచితమని 1960 నుంచి పందెం కాస్తోంది. తినలేకపోతే పూర్తి ధర కట్టాలి. ఇలాంటి దేశంలో తూకం గురించి జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. టొమహాక్ అనే ముక్కకు గొడ్డలి పిడిలా పొడవాటి పక్కటెముకను వదిలేస్తారు. ఫొటోలో అద్భుతంగా ఉంటుంది. ఆ పిడి బరువు కూడా ఔన్సుల లెక్కలోనే ఉంటుంది. అదే మాంసం పిడి లేకుండా కావాలంటే రిబ్‌ఐ అని అడిగితే చాలు.

మళ్లీ ఫ్లోరెన్స్‌కు వస్తే, రేటు వెనక ఉన్న పేర్లను కూడా కాస్త చూడాలి. కియానీనా అని రాసిన మాంసానికి ఎక్కువ ధర పలుకుతుంది. ఆ జాతితో పాటు మార్కిజానా, రోమన్యోలా జాతులకు కలిపి 1998లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ ముద్ర ఉన్న మాంసానికి అది ఎక్కడిదో చెప్పే పత్రం ఉంటుంది, భోజనశాలలో అడిగి చూడవచ్చు. మెనూలో ఎక్కువగా కనిపించే మరో మాట స్కొత్తోనా. ఇది చాలామంది అనుకునేట్టు జాతి పేరు కాదు. ఇంకా ఈనని పడుచు ఆవు అని మాత్రమే దానర్థం. అది ఏ జాతిదైనా, ఏ దేశానిదైనా కావచ్చు. ఊళ్లోని స్టేక్‌లన్నీ కియానీనావే అయి ఉంటే ఆ జాతి ఎప్పుడో అంతరించి ఉండేది. బయటి దేశాల మాంసం తేవడం నేరమూ కాదు, అది రుచిలో తీసికట్టు కావాలనీ లేదు. కియానీనా రేటు తీసుకుని స్కొత్తోనా అని మాత్రమే రాసిన చోట ఒక ప్రశ్న అడగడం మంచిది.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. మనకు మాంసం మెత్తగా, పూర్తిగా ఉడకాలి. ఫియోరెంతీనాను లోపల ఎర్రగానే ఇస్తారు, బాగా కాల్చమని అడిగితే చాలాచోట్ల మర్యాదగా కాదంటారు. మరీ పట్టుబడితే ఐదు సెంటీమీటర్ల ముక్క లోపలిదాకా ఉడికేసరికి బయట బొగ్గవుతుంది, తరుగు పెరుగుతుంది, బిల్లు మాత్రం పచ్చి బరువుకే పడుతుంది. ఎర్రటి మాంసం చూసి తినలేని వారికి, ఎత్తోల లెక్కన స్టేక్ తెప్పించడం వల్ల డబ్బూ దక్కదు, రుచీ దక్కదు. అదే మెనూలోని నిదానంగా ఉడికించిన మాంసపు కూర వారికి ఎంతో నచ్చుతుంది, పైగా దానికి స్థిరమైన ధరే.

గొడ్డుమాంసం తినని ఇళ్లు మనలో ఎన్నో. వారికి ఈ లెక్క అక్కరలేదనుకుంటే పొరపాటు. మధ్యధరా తీరమంతటా పెద్ద చేపను ఇలాగే తూకం లెక్కన అమ్ముతారు. కొన్ని మెనూల్లో అసలు అంకె కూడా ఉండదు, 'ఎస్.క్యూ.' అని రెండు అక్షరాలు ఉంటాయి, పరిమాణాన్ని బట్టి ధర అన్న అర్థంలో. గోవా, ముంబై భోజనశాలల్లో చందువ చేప ఎదురుగా కనబడే 'ఏపీఎస్' కూడా ఇదే సంగతి, సైజును బట్టి అని. చేపలో తల, ముల్లు, పొట్టలోపలి భాగాలు పోయేవి స్టేక్‌లో ఎముక కన్నా ఎక్కువ. కాబట్టి తరుగు లెక్క ఇంకాస్త ఉదారంగా వేసుకోవాలి. హాంకాంగ్ చేపల భోజనశాలల్లోనైతే గ్రాములు కూడా ఉండవు, క్యాటీలు ఉంటాయి. ఒక క్యాటీ 600 గ్రాములకు కాస్త ఎక్కువ. రేటు పక్కన ఉన్నది కిలో అనుకుని లెక్క వేసుకున్నవారికి బిల్లు అంచనా కన్నా దాదాపు మూడింట రెండు వంతులు ఎక్కువ పడుతుంది.

చివరిగా బిల్లు. ఇటలీలో మెనూ ధరలోనే పన్ను కలిసి ఉంటుంది, మళ్లీ వేయరు. పైన పడేది కొపెర్తో, అంటే బల్ల ముందు కూర్చున్నందుకు తలకు ఇంతని వేసే చిన్న రుసుము. అది కూడా మెనూలో రాసి ఉండాలి. టిప్పు ఇవ్వాలన్న నిర్బంధం లేదు. అమెరికాలో మెనూ ధర మీద అమ్మకపు పన్ను, ఆపైన వందకు 18 నుంచి 20 వరకు టిప్పు చేరతాయి. సింగపూర్‌లో ధర పక్కన రెండు కూడిక గుర్తులు కనబడితే, 10 శాతం సర్వీసు రుసుము, దాని మీద 9 శాతం జీఎస్‌టీ వేస్తారని అర్థం. కలిపితే దాదాపు 20 శాతం. తూకం లెక్కన కొన్న వంటకంలో ఇవన్నీ పెద్ద అంకె మీద పడతాయి కాబట్టి గట్టిగానే తెలుస్తాయి.

ఇటలీ బిల్లులో స్టేక్ వరుసను విడిగా చదువుకోవాలి. చాలా యంత్రాలు బరువును, రేటును, మొత్తాన్ని ఒకే వరుసలో ముద్రిస్తాయి. అక్కడ దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు. 1,240 అని ఉంటే ఒక కిలో 240 గ్రాములని. వెయిటర్ పచ్చి ముక్క చూపిస్తూ చెప్పిన బరువు, ఈ వరుసలోని బరువు ఒకటే కావాలి. బరువు వేయకుండా ఉత్త మొత్తం మాత్రమే ముద్రించి ఉంటే, కార్డు ఇచ్చే ముందే ఎన్ని గ్రాములకు ఎంత వేశారో రాసి ఇమ్మని అడగవచ్చు. కార్డు యంత్రం రూపాయల్లో కట్టమంటారా, యూరోల్లోనా అని అడిగితే యూరోలే ఎంచుకోవాలి. రూపాయలు ఎంచుకుంటే మారకపు రేటును అవతలివారు నిర్ణయిస్తారు, అది మన బ్యాంకు ఇచ్చేదానికన్నా దాదాపు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.